రికార్డ్ ప్లేయర్ మట్టం చూడటానికి ఏ లెవల్ కొనాలి?

నేను మొదట కొన్న లెవల్ గుండ్రటిది. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది. పచ్చటి నీళ్లలో ఒక బుడగ, మధ్యలో నల్లటి చుట్టు గీత. దాన్ని టర్న్‌టేబుల్ ప్లాటర్, అంటే రికార్డ్ పెట్టే తిరిగే పళ్లెం మీద పెట్టి, కింద నాలుగు కాళ్ల మరలూ ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ, గంట సేపటికి బుడగని గీత మధ్యలోకి తెచ్చాను. హమ్మయ్య అనుకుని, లెవల్ తీయకుండానే ప్లాటర్‌ని వేలితో ఊరికే తోశాను. సగం చుట్టు తిరిగేసరికి బుడగ అంచుకి పోయి కూర్చుంది. ఇంకో సగం తిరిగాక బుద్ధిగా మధ్యలోకి వచ్చేసింది. అంటే ఆ గంట సేపూ లెవల్‌లో ఉన్న తప్పుకి సరిపోయేలా టర్న్‌టేబుల్‌ని ఒక పక్కకి వంచుతూ కూర్చున్నానన్నమాట.

అందుకే ఎవరైనా "ఏ లెవల్ కొనమంటావు" అని అడిగితే ముందు ఈ సగం చుట్టు సంగతి చెబుతాను. అది తెలిస్తే నూట యాభై రూపాయల లెవల్‌తో కూడా పని జరుగుతుంది. తెలియకపోతే ఐదు వేలది కొన్నా అనుమానం అనుమానంగానే ఉంటుంది.

సగం చుట్టు పరీక్ష

కరెంట్ ఆపేయండి. టోన్ ఆర్మ్‌ని, అంటే ముల్లు ఉండే చేతిని, దాని క్లిప్‌లో పెట్టి లాక్ చేయండి. రబ్బర్ మ్యాట్ ఉంటే తీసేయండి, దాని మందం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. లెవల్‌ని ప్లాటర్ మీద పెట్టి బుడగ ఎటు పోయిందో గదిలో ఏదో ఒక గుర్తు పట్టి చూసుకోండి. కిటికీ వైపు పోయిందనుకుందాం. ఇప్పుడు లెవల్‌ని ముట్టుకోకుండా ప్లాటర్‌నే నెమ్మదిగా సగం చుట్టు తిప్పండి.

బుడగ ఇప్పుడు కూడా కిటికీ వైపే ఉంటే, మీ టర్న్‌టేబుల్ నిజంగానే అటు ఎత్తుగా ఉంది. బుడగ ఎప్పుడూ ఎత్తు వైపుకే పోతుంది. అలా కాకుండా లెవల్‌తో పాటే తిరిగి ఎదురుగా ఉన్న తలుపు వైపుకి వచ్చిందంటే, తప్పు లెవల్‌ది, లేదా ప్లాటర్ తన కడ్డీ మీద కాస్త ఒరిగి కూర్చుంది. ఆ రెండిట్లో ఏదైనా సరే, దానికోసం కాళ్లు తిప్పకూడదు.

మామూలుగా రెండూ కొంచెం కొంచెం కలిసే ఉంటాయి. ఫోన్ లాంటి అంకెలు చూపించే పరికరం అయితే లెక్క తేలిక. మొదట కిటికీ వైపు 0.6 డిగ్రీ ఎత్తు చూపించింది, సగం తిప్పాక తలుపు వైపు 0.2 ఎత్తు చూపించింది అనుకోండి. 0.6లోంచి 0.2 తీసేస్తే 0.4, అందులో సగం 0.2. టర్న్‌టేబుల్ అసలు ఒరుగు కిటికీ వైపు 0.2 డిగ్రీ. మిగతా 0.4 ఫోన్‌దీ ప్లాటర్‌దీ. రెండు సార్లూ బుడగ ఒకే వైపు ఉంటే తీసేయకుండా కలిపి, అందులో సగం తీసుకోవాలి. తర్వాత ఇదే పరీక్ష అడ్డంగా, అంటే ముందు వైపుకీ గోడ వైపుకీ మధ్య కూడా చేయాలి.

ఇందులో నాకు నచ్చిన విషయం ఏమిటంటే, వడ్రంగి తన లెవల్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలంటే దాన్ని ఎత్తి, తిప్పి, మళ్లీ సరిగ్గా అదే చోట పెట్టాలి. మనకి ఆ కష్టం లేదు. తిరిగే బల్ల మన దగ్గరే ఉంది.

ఇంతకీ ఎంత మట్టం కావాలి?

పరికరం ఎంచుకునే ముందు ఈ లెక్క తెలిస్తే చాలా డబ్బు మిగులుతుంది. ఎల్పీ ప్లాటర్ వెడల్పు దాదాపు 30 సెంటీమీటర్లు. ఒక అంచుకీ ఎదురు అంచుకీ ఒక మిల్లీమీటర్ తేడా ఉంటే ఒరుగు సుమారు 0.2 డిగ్రీ. ఒక డిగ్రీ ఒరిగిందంటే ఐదు మిల్లీమీటర్ల పైన తేడా. అది కంటికే తెలిసిపోతుంది.

ఇప్పుడు ముల్లు వైపు నుంచి చూద్దాం. ఈ రోజుల్లో మామూలు కార్ట్రిడ్జ్‌లు, అంటే ఆర్మ్ చివర ముల్లు బిగించి ఉండే ముక్కలు, రెండు గ్రాముల చుట్టుపక్కల బరువుతో రికార్డ్ మీద ఆనుతాయి. బ్యాలెన్స్ చేసిన ఆర్మ్‌తో టర్న్‌టేబుల్ ఒక డిగ్రీ పక్కకి ఒరిగితే ఆ రెండు గ్రాముల్లో ముల్లుని పక్కకి లాగేది 0.035 గ్రాము. పోల్చి చూస్తే, యాంటీ స్కేటింగ్ కోసం, అంటే తిరిగే రికార్డ్ ముల్లుని మధ్యకి లాగేయకుండా ఆపడానికి, మనం కావాలని పెట్టే పక్క లాగుడు ముల్లు బరువులో పదో వంతు దగ్గర, అంటే 0.2 గ్రాము దాకా ఉంటుంది. డిగ్రీ ఒరుగు వల్ల ఆ సెట్టింగ్ ఆరో వంతు చెడుతుంది. అది సరిచేసుకోవాల్సిందే. కానీ 0.1 డిగ్రీ దగ్గర ఆ లాగుడు 0.0035 గ్రాము. దాన్ని వినగలిగే చెవి నాకైతే ఎదురుపడలేదు.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చేద్దాం. టర్న్‌టేబుల్ ఒరిగితే ముల్లు గాడిలో వంకరగా నిలబడుతుందని చాలామంది భయపడతారు. మామూలు బేరింగ్‌లు ఉన్న ఆర్మ్ అయితే అలా జరగదు. ప్లాటర్, ఆర్మ్ రెండూ ఒకే చట్రం మీద ఉంటాయి, ఒరిగితే రెండూ కలిసే ఒరుగుతాయి. రికార్డ్‌కీ ముల్లుకీ మధ్య కోణం మారదు. మారేది భూమి లాగే దిక్కు మాత్రమే. ఒకే మొన మీద ఆర్మ్ తూగుతూ ఉండే యూనిపివట్ రకంలో మాత్రం ఈ మాట వర్తించదు. అక్కడ ఆర్మ్ నిటారుగా ఉండేది భూమి లాగుడు వల్లే, కాబట్టి ఒరుగు నేరుగా ముల్లు కోణంలో కనిపిస్తుంది.

కాబట్టి నా గీత ఇది: మామూలు టర్న్‌టేబుల్‌కి 0.2 డిగ్రీ లోపల ఉంటే బాగానే ఉంది, 0.1కి తెస్తే ఇంక దాన్ని వదిలేసి పాట వినొచ్చు.

ఇక పరికరాలు

ఫోన్‌తో మొదలుపెట్టండి, డబ్బు ఖర్చు లేదు. ఐఫోన్‌లో మెజర్ యాప్ లోపల లెవల్ ఉంటుంది, కానీ అది పూర్తి డిగ్రీల్లోనే అంకె చూపిస్తుంది. సున్నా అని చూపించినా లోపల దాదాపు అర డిగ్రీ దాగి ఉండొచ్చు. డిగ్రీలో పదో వంతు చూపించే యాప్‌లు ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉచితంగా దొరుకుతాయి, అలాంటిది ఒకటి వేసుకోండి. కవర్ తీసేయండి. అసలు చిక్కు వెనక కెమెరా ఉబ్బు. దాని వల్ల ఫోన్ చదునుగా కూర్చోదు. ఆ ఉబ్బు ప్లాటర్ అంచు బయటికి వచ్చేలా పెడితే వీపు చదునుగా ఆనుతుంది. సగం చుట్టు లెక్క చేస్తారు కాబట్టి ఉబ్బు వల్ల వచ్చే తప్పు కూడా దాదాపు కొట్టుకుపోతుంది, ఫోన్ ఊగకుండా ఉంటే చాలు. ఫ్లైట్ మోడ్ పెట్టడం మర్చిపోకండి. గాజు ప్లాటర్ మీద ఉండగా ఎవరైనా ఫోన్ చేశారంటే అది వైబ్రేట్ అవుతూ అంచు దాకా నడుచుకుంటూ పోతుంది. ఇంకో మాట, ఫోన్లలో స్పీకర్ అయస్కాంతం ఎలాగూ ఉంటుంది, ఐఫోన్ 12 నుంచి చాలా మోడళ్లకి వీపులోనే అయస్కాంతాల చుట్టు ఉంది. కార్ట్రిడ్జ్ దగ్గరికి తీసుకెళ్లొద్దు.

గుండ్రటి బుడగ లెవల్ చవక, తేలిక, అన్ని దిక్కులూ ఒకేసారి చూపిస్తుంది. ఇంతవరకే దాని మంచి. చిన్నవాటిలో బుడగ గీత మధ్యలో ఉన్నట్టే కనిపిస్తూ అర డిగ్రీ దాకా ఒరిగి ఉండొచ్చు. పైగా అడుగు భాగం చదునుగా పోత పోయని సరుకు బజార్లో చాలా ఉంది. నాకు దొరికింది అదే. స్ప్రింగ్‌ల మీద వేలాడే టర్న్‌టేబుల్ ఉన్నవాళ్లకి తప్ప ఇది కొనమని చెప్పను. వాళ్ల సంగతి తర్వాత వస్తాను.

నా ఓటు పొడుగు గొట్టం లెవల్‌కి. మేస్త్రీల దగ్గర, వడ్రంగుల దగ్గర ఉండే స్పిరిట్ లెవలే, కాకపోతే 9 అంగుళాల చిన్నది. హార్డ్‌వేర్ షాపులో ఏ ఊళ్లోనైనా కొన్ని వందల్లో దొరుకుతుంది. మీటర్‌కి 0.5 మిల్లీమీటర్ అని రాసి ఉన్నది తీసుకోండి, అది సుమారు 0.03 డిగ్రీ. మనకి కావాల్సిన దానికంటే మూడింతలు నయం. ప్లాటర్ మధ్యలో కడ్డీ అడ్డం వస్తుంది కదా అంటే, కడ్డీకి రెండు మూడు సెంటీమీటర్ల పక్కగా పెడితే 9 అంగుళాలది హాయిగా పడుతుంది. షాపులోనే ఒక పరీక్ష చేయొచ్చు. అక్కడి గాజు కౌంటర్ మీద పెట్టి, బుడగ చోటు చూసి, లెవల్‌ని అటుదిటు తిప్పి అదే చోట పెట్టండి. రెండు సార్లూ బుడగ షాపులో ఒకే వైపుకి, అంతే దూరం పోతే తీసుకోండి. కౌంటర్ మట్టంగా ఉండక్కర్లేదు. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. నేను అలా మూడు తిప్పి చూసి నాలుగోది తెచ్చుకున్నాను.

దారానికి తగిలించే వేలెడు లెవల్ ఒకటి మేస్త్రీలు వాడతారు. అది దారం కోసం చేసింది, దాని కింది భాగం బల్ల మీద కుదురుగా కూర్చోదు. వదిలేయండి.

డిజిటల్ యాంగిల్ గేజ్, అంటే చిన్న డబ్బాలా ఉండి తెర మీద అంకె చూపించేది. రంపం బిళ్ల కోణం చూడటానికి వడ్రంగులు వాడతారు. చాలావాటికి ప్లస్ ఆర్ మైనస్ 0.2 డిగ్రీ అని రాసి ఉంటుంది. తెర మీద 0.05 కనిపించినా నమ్మకం అంత లేదన్నమాట. సగం చుట్టుతో ఇది కూడా మెరుగుపడుతుంది గానీ, అప్పుడు ఫోన్ కంటే దీనికి డబ్బు ఎందుకు పెట్టాలో నాకు అర్థం కాదు. పైగా దాని అడుగున గట్టి అయస్కాంతాలు ఉంటాయి. అల్యూమినియం ప్లాటర్‌ని అవి ఏమీ చేయవు. చేయి జారి కార్ట్రిడ్జ్ పక్కకి వెళ్తే మాత్రం టెన్షనే. మీ దగ్గర ముందే ఉంటే వాడుకోండి, దీనికోసమని కొనకండి.

వర్క్‌షాపుల్లో లేత్ మెషీన్లు నిలబెట్టడానికి వాడే ఇనుప లెవల్ ఇంకో లోకం. మీటర్‌కి 0.02 మిల్లీమీటర్ చూపిస్తుంది. ప్లాటర్ వెడల్పులో అది 0.006 మిల్లీమీటర్, తల వెంట్రుక మందంలో పదో వంతు. దాన్ని బల్ల మీద పెట్టి పక్కనే నిలబడి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటే బుడగ కదిలే ఇళ్లు ఉన్నాయి. చేతి వేడికే తేడా చూపిస్తుంది. కిలో పైన బరువు. దీని అవసరం నిజంగా ఉన్నది ఒక్కరికే: గాలి బేరింగ్ మీద పట్టా లాంటి కడ్డీ వెంట జారుతూ పోయే లీనియర్ ఆర్మ్ ఉన్నవాళ్లకి. అక్కడ రాపిడి దాదాపు సున్నా, కాబట్టి ఏ కొంచెం వాలు ఉన్నా ఆర్మ్ అటు జారాలని చూస్తుంది. మిగతావాళ్లం దీనికి పెట్టే డబ్బుతో కొత్త ముల్లు తెచ్చుకోవచ్చు.

నీళ్ల గ్లాసు, గోలీ లాంటివి కూడా కొందరు చెబుతారు. కరెంట్ వస్తువు మీద నీళ్లెందుకు? గోలీ ఎటు దొర్లుతుందో చెబుతుంది, ఎంత వాలో చెప్పదు. మరో పద్ధతి, ఆర్మ్‌ని సున్నా బరువుకి బ్యాలెన్స్ చేసి గాలిలో వదిలి ఎటు పోతుందో చూడటం. ఇది వినడానికి బాగుంటుంది. కానీ సరిగ్గా బ్యాలెన్స్ అయిన ఆర్మ్‌కి ఒరుగు పెద్దగా తెలియదు. లోపలి సన్నటి వైర్ల మెలి, వంపు తిరిగిన ఆర్మ్ పక్క బరువు, ఇవే దాన్ని ఎక్కువగా లాగుతాయి. మట్టం ముందు చూసుకుని, ఆర్మ్ బరువు, యాంటీ స్కేటింగ్ ఆ తర్వాత పెట్టుకోవాలి. వరస తిరగేయకండి.

కింద ఏం పెట్టాలి

ఎంత ఒరిగిందో తెలిశాక సరిచేయడం మీ టర్న్‌టేబుల్ కాళ్లని బట్టి ఉంటుంది. టెక్నిక్స్ ఎస్ఎల్-1200, ఆడియో టెక్నికా ఎల్‌పీ120ఎక్స్ లాంటివాటికి కాళ్లు మరలాగా తిరుగుతాయి. ముందు నాలుగు కాళ్లూ ఆనుతున్నాయో లేదో, ఒక్కో కాలి కిందికి కాగితం ముక్క దూర్చి చూడండి. కాగితం జారిపోయిన కాలు గాలిలో ఉంది. ముందు ఆ ఊగుడు ఆపాలి, మట్టం తర్వాత. మర ఒక చుట్టు తిప్పితే ఒక మిల్లీమీటర్ ఎత్తు మారుతుందనుకుంటే, 35 సెంటీమీటర్ల దూరంలో ఉన్న కాళ్ల మధ్య అది 0.16 డిగ్రీ. ఈ లెక్క గుర్తుంటే గుడ్డిగా తిప్పక్కర్లేదు, ఎన్ని చుట్లో ముందే తెలుస్తుంది. ఒక పక్క ఎత్తాలంటే ఆ పక్క రెండు కాళ్లనీ సమానంగా తిప్పండి. ఒక్కటే తిప్పితే దాని పక్క కాళ్లలో ఒకటి గాలిలోకి లేస్తుంది.

రెగా ప్లానార్‌లు, ఆడియో టెక్నికా ఎల్‌పీ60ఎక్స్ లాంటివాటికి కాళ్లు కదలవు. వీటికి బల్లనే మట్టం చేయాలి. బల్ల కాళ్ల కింద పేక ముక్కలు పెట్టండి, ఒక్కోటి 0.3 మిల్లీమీటర్ దగ్గర ఉంటుంది. పనికిరాని డెబిట్ కార్డ్ కత్తిరించి పెడితే 0.76 మిల్లీమీటర్, అది అన్ని బ్యాంకులదీ ఒకటే. రెండూ చేతిలో ఉంటే ఏ ఎత్తుకైనా కుదురుతుంది. మడత పెట్టిన న్యూస్‌పేపర్ మాత్రం వద్దు, బరువుకి నెమ్మదిగా అణిగిపోతుంది.

దానికంటే నాకు నచ్చేది రాతి పలక. కిచెన్ ప్లాట్‌ఫారం కోసినప్పుడు మిగిలిన గ్రానైట్ ముక్కలు రాళ్ల షాపు వెనక గుట్టగా పడి ఉంటాయి. 50 సెంటీమీటర్లు పొడవు, 40 వెడల్పు, 2 మందం ఉన్న ముక్క 11 కిలోల దాకా తూగుతుంది, కాబట్టి కింది బల్ల గట్టిదేనా అని చూసుకోండి. ప్లైవుడ్ బల్ల పర్వాలేదు, పొట్టు అట్టతో చేసిన టీవీ యూనిట్ అయితే మధ్యలో కుంగుతుంది. పలక కింద మూడు చోట్ల రబ్బర్ ముక్కలు పెట్టండి. నాలుగు పెట్టకండి. మూడు కాళ్ల పీట ఏ నేల మీదైనా ఊగదు, ఇదీ అంతే. ఆ మూడిట్లో ఒకటో రెండో కింద పేక ముక్కలు చేర్చి పలకని మట్టం చేసి, దాని మీద ప్లేయర్ పెట్టుకోవచ్చు.

మన పాత ఇళ్లలో గోడలో కట్టిన కడప బండ అలమరాలు చూస్తే ఇంతకంటే గట్టి స్టాండ్ ఎక్కడ దొరుకుతుంది అనిపిస్తుంది. నిజమే, కదలవు. కొలవకుండా మాత్రం ఆశపడకండి. టర్న్‌టేబుల్‌కి లోతు 35 సెంటీమీటర్లు, వెనక వైర్లకి ఇంకాస్త చోటు, మూత లేపడానికి పైన ఎత్తు కావాలి. చాలా అలమరాలు అడుగు లోతే. మా ఇంట్లో ఐదు సెంటీమీటర్లు చాల్లేదు.

గోడకి బిగించే షెల్ఫ్ కావాలా వద్దా అనేది మీ నేల చెబుతుంది. మన కాంక్రీట్ స్లాబ్ మీద నడిస్తే ముల్లు ఎగరడం అరుదు. అమెరికాలో చెక్క నేలల ఇళ్లలో ఉండే మనవాళ్లకి అదే పెద్ద తలనొప్పి, పిల్లాడు గదిలో పరిగెడితే పాట గెంతుతుంది. వాళ్లకి గోడ షెల్ఫే మందు. అక్కడ గోడ పైపొర పలకని నమ్మకుండా లోపల మామూలుగా 16 అంగుళాలకి ఒకటి చొప్పున ఉండే చెక్క స్తంభాల్లోకి మర దిగాలి. షెల్ఫ్ గీత గీయడానికి లేజర్ లెవల్ బాగా పనికొస్తుంది. ప్లాటర్ మీద దానికి పని లేదు.

స్ప్రింగ్‌ల మీద వేలాడే రకం, అంటే లిన్ ఎల్‌పీ12, పాత థోరెన్స్ టీడీ 160 లాంటివి ఉన్నవాళ్లు ముందు బయటి చట్రాన్ని పొడుగు లెవల్‌తో మట్టం చేసి, ఆ తర్వాతే లోపలి స్ప్రింగ్‌ల జోలికి వెళ్లాలి. ఇక్కడ ప్లాటర్ మీద 200 గ్రాముల ఫోన్ ఒక పక్కన పెడితే ఆ పక్క కుంగుతుంది, అంకె ఫోన్ బరువుని చెబుతుంది. అందుకే తేలికైన గుండ్రటి లెవల్ వీళ్లకి అవసరం, అదీ కడ్డీకి ఆనించినంత దగ్గరగా, ప్లాటర్ మీద ఒక మామూలు రికార్డ్ బరువు కూడా ఉంచి. సగం చుట్టు వీళ్లకీ తప్పదు. స్ప్రింగ్ తిప్పడం చేతకాదనిపిస్తే తెలిసినవాళ్లతో చేయించుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు, నేనూ చేయించుకునేవాడినే.

తాతగారి కాలం సిరామిక్ కార్ట్రిడ్జ్ ప్లేయర్ ఉన్నవాళ్లు ఇదంతా చదివి భయపడనక్కర్లేదు. ఆ ముళ్ల బరువు ఎక్కువ, గాడిని గట్టిగా పట్టుకుంటాయి. ఊగకుండా, కంటికి వాలు కనిపించకుండా ఉంటే సరిపోతుంది.

ఏ పద్ధతిలో చేసినా చివరి కొలత ప్లేయర్ ఉండాల్సిన చోటే ఉండగా, అదే బల్ల మీద ఉండే ఆంప్లిఫైయర్, రికార్డ్‌ల కట్టలు అన్నీ పెట్టేశాక తీసుకోండి. ఇరవై ఎల్పీలు ఒక పక్క చేరిస్తే సన్నటి బల్ల అటు వంగుతుంది. రబ్బర్ కాళ్లు మొదటి కొన్ని వారాలు కాస్త కుదురుకుంటాయి కూడా. నేను నెల తర్వాత ఇంకోసారి చూశాను. కిటికీ వైపు ఒక పేక ముక్క అదనంగా పెట్టాల్సి వచ్చింది. అది ఆటీన్ రాణి, ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ కట్టతో మా ఇంట్లో ఎవరూ పేకాడలేరు.